హంతకుడెవ్వడని అడుగుటయే నేరమైన చోట

నేరపరిశోధన నవల కాలక్షేపమునకే గాని గంభీరచింతనకు పనికిరాదనియు, నిరంకుశ ప్రభుత్వముల క్రింద నలిగిన కోటానుకోట్ల జనుల యాతనను అట్టి నవలకు ఇతివృత్తముగా గైకొనుట మృతులకు అపచారమనియు చదువుకొన్నవారిలో ఒక అభిప్రాయము స్థిరపడియున్నది. ఈ మాటను హైదరాబాదులోను బెజవాడలోను ఎంత ధీమాగా చెప్పుదురో, ఒమాను దేశమున బాతినా తీరమందలి సహం పట్టణములో, సోహారు రేవునకును కర్మాగారములకును బతుకుతెరువుకై వచ్చి కాపురమున్న మన తెలుగువారును అంత ధీమాగానే చెప్పుదురు. వారాంతపు సెలవుకు ముందు గురువారము రాత్రి నలుగురు చేరినచోట టామ్ రాబ్ స్మిత్ వ్రాసిన ‘చైల్డ్ 44’ నవల ప్రసక్తి వచ్చినచో, “బాగానే చదివిస్తుందండీ, కానీ ఎంతైనా డిటెక్టివు పుస్తకమే కదా” అన్న తీర్పుతో చర్చ ముగిసిపోవును. ఆ తీర్పు తప్పు. నిరంకుశత్వము మనిషికి చేయు కీడులోకెల్ల లోతైనదానిని చూపుటకు నేరనవలకంటె తగిన సాహిత్యరూపము వేరొకటి లేదని నా సిద్ధాంతము.

పూర్వపక్షమును మొదట దాని బలమంతటితో చెప్పుట న్యాయము. వారి ఆక్షేపణలు మూడు. నేరనవలకు ప్రాణము కుతూహలము. హంతకుడు దొరకగనే అది చల్లారును, పుస్తకము మూసి పాఠకుడు నిశ్చింతగా నిద్రపోవును. ఆకలిచావులను, దేశాంతరవాస శిక్షలను, అర్ధరాత్రపు అరెస్టులను ఇట్టి కుతూహలమునకు వెనుక తెరగా వాడుకొనుట అనుచితమన్నది మొదటిది. 1979లో లండనులో పుట్టిన రచయితకు స్టాలిను రాజ్యముతో అనుభవసంబంధము లేకపోగా, 1978 మొదలు 1990 వరకు రస్తోవు ప్రాంతమున జరిగిన హత్యలను అతడు 1953కు తరలించి చరిత్రను వక్రీకరించెనన్నది రెండవది. రష్యాలోనో జర్మనీలోనో ఎన్నడో జరిగినదానితో తెలుగువారికి పని యేమన్నది మూడవది. ఈ మూడును బుద్ధిమంతులు చెప్పుచున్న మాటలే గనుక, మూడింటికిని వరుసగా సమాధానము చెప్పవలసియున్నది.

మొదటి ఆక్షేపణ నవలారూపమును గూర్చినది. కావున నవలలోనికే పోయి చూతము. కథ 1933 నాటి ఉక్రెయిను కరవులో మొదలై, ఇరువదేండ్లు దాటి 1953లో మాస్కో చేరును. నాయకుడు లియో డెమిడోవు రాజ్యభద్రతాశాఖలో అధికారి, యుద్ధమున పేరుగన్నవాడు, తాను కొలుచు ప్రభుత్వమును మనసార నమ్మినవాడు. అతని క్రింద పనిచేయు ఫ్యోదరు కొడుకు, నాలుగేండ్ల పసివాడు, రైలుపట్టాలమీద శవమై దొరకును. పిల్లవాని ఒంటిమీద బట్టలు లేవనియు, నోటినిండ మట్టి కుక్కియున్నదనియు, ఇది హత్యయేయనియు ఇంటివారు చెప్పుకొనుచుందురు. లియో ఆ యింటికి పోవుట వారి నోళ్ళు మూయించుటకు. బంధువులతో కిక్కిరిసిన ఆ గదిలో, బాలుడు రైలు తగిలి మరణించెనన్న అధికారనివేదికను వారి ముందుంచును. తండ్రియు అదే శాఖలో కొలువు చేయువాడు. ఇంకొక్క మాట మాట్లాడినచో మిగిలిన కుటుంబము ఏమగునో ఎరిగినవాడు. కనుక తలవంచి ఒప్పుకొనును.

ఈ ఘట్టములో కత్తి లేదు, వెంబడించుట లేదు, రక్తము లేదు. ఐనను నిరంకుశత్వ మననేమో ఇంత స్పష్టముగ తెలిపెడి పుటలు రాజనీతిగ్రంథములలో సైతము అరుదు. నూతనసమాజమున దారిద్ర్యము లేదు గనుక నేరమునకు హేతువు లేదని రాజ్యము శాసించినది. హేతువు లేనప్పుడు నేరమును లేదు. నేరము లేనిచోట పసివాడు హత్యకు గురియయ్యెనని చెప్పుట రాజ్యము అబద్ధమాడినదని చెప్పుటయే. ఆ తల్లిదండ్రులు బిడ్డను పోగొట్టుకొనుటయే గాక, బిడ్డ ఎట్లు పోయెనో చెప్పుకొని యేడ్చు హక్కునుగూడ పోగొట్టుకొనిరి. ఆకలి, చెర, మరణము అన్ని కాలముల రాజులును విధించినవే. కన్నులతో చూచినదానిని చూడలేదని కన్నవారిచేతనే పలికించుట ఇరువదవ శతాబ్దపు సర్వాధికార రాజ్యములు పరిపూర్ణము చేసిన విద్య.

ఇచ్చట మన నేరనవలలను తలచుకొనుట అవసరము. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివు యుగంధరు ఎంతటి చిక్కుముడినైనను విప్పునని ఒక తరము పాఠకులు నమ్మిరి. ఆ నమ్మకమునకు హేతువు యుగంధరు బుద్ధికుశలత యొక్కటియే కాదు. అతడు కనుగొన్న సత్యమును అందుకొనుటకు ఠాణాలో ఇన్‌స్పెక్టరును, కోర్టులో న్యాయమూర్తియు, మరునాటి ప్రొద్దున పత్రికయు సిద్ధముగా ఉన్నారన్న విశ్వాసము దానికి ఆధారము. పాఠకుడు దానిని గాలివలె పీల్చుచుండును గనుక దాని ఉనికినే గుర్తింపడు. ‘చైల్డ్ 44’ వంటి నవల చేయు పని ఆ గాలిని తీసివేయుట. అచ్చట హంతకుడు దాగనక్కరలేదు, రాజ్యమే వానిని దాచును, పరిశోధకుడే దాగవలసినవాడు. భార్యను ద్రోహిగా చూపుటకు నిరాకరించి పదవిని, ఇంటిని పోగొట్టుకొన్న లియో, సత్యమును వెదకబూనిన క్షణమునుండి ప్రాణరక్షణను సైతము కోల్పోవును. ఊరల్సు ప్రాంతపు చిన్నపట్టణమునకు అతనిని వెళ్ళగొట్టిన పిమ్మట, అచ్చట జరిగిన హత్యను తెలివి చాలని ఒక యువకునిపై మోపి స్థానికులు దస్త్రము మూసివేయుట చూచును. ప్రశ్నల వరుసయే కథగా గల సాహిత్యరూపమును, ప్రశ్నించుటయే ద్రోహమైన రాజ్యములో నిలిపినప్పుడు, ఆ రాజ్యస్వభావము పుటపుటకును బయటపడక తప్పదు. కావున యాతన ఇచ్చట వెనుక తెర కాదు. యాతనకు మూలమేదో దానినే ఈ రూపము తాకుచున్నది.

ఇది రచయిత ఊహించి కట్టిన కథయేయందురా? ఆ నవలకు ప్రేరణయైన యథార్థమును వినుడు. 1978 డిసెంబరులో షాఖ్తీ పట్టణమున తొమ్మిదేండ్ల బాలిక హత్యకు గురియయ్యెను. బాలికతో కనబడిన మనిషి ఆనవాళ్ళు చెప్పిన సాక్షి యుండెను. ఆ ఆనవాళ్ళు ఆండ్రేయి చికటిలో అను ఉపాధ్యాయునకు సరిపోయెను. అతని రహస్యగృహమునకు చేరువనే రక్తపు మరకలు కనబడెను. ఐనను పోలీసులు, పూర్వము నేరము చేసి శిక్ష అనుభవించివచ్చిన అలెగ్జాండరు క్రావ్‌చెంకోను పట్టుకొని, అతడు ఇంటనే యుండెనని చెప్పిన భార్యను బెదిరించి మాట మార్పించి, అతనిచేత నేరము ఒప్పించి, 1983లో మరణదండన అమలు జరిపిరి. ఉన్నతవిద్య చదివినవాడు, ఉపాధ్యాయుడు, కమ్యూనిస్టు పార్టీ సభ్యుడునైన చికటిలో స్వేచ్ఛగా తిరుగుచుండెను. 1984లో చేతిసంచిలో కత్తితోను త్రాడుతోను పట్టుబడియు, రక్తపు వర్గము సరిపోలలేదన్న కారణమున హత్యల ఆరోపణనుండి తప్పించుకొనెను. ఆ నడుమ మానసికవైకల్యము గల కుర్రవాండ్రు చేయని హత్యలను ఒప్పుకొనిరి. పిల్లలు వరుసగా మాయమగుచున్నారని పత్రికలు వ్రాయలేదు. జాగ్రత్తపడుడని తల్లులను హెచ్చరించినవారు లేరు. 1990 నవంబరు 20వ తేదీన అతడు చిక్కునప్పటికి ఏబదికి పైగా ప్రాణములు పోయినవి. 1992లో న్యాయస్థానము 52 హత్యలు రుజువైనవని తీర్పు చెప్పెను. 1994 ఫిబ్రవరి 14న మరణదండన అమలయ్యెను.

ఈ వృత్తాంతమును చదివినవాడు రెండు లెక్కలు వేయవలెను. చికటిలో చంపినవారు ఒక లెక్క. రాజ్యము మౌనము వహింపకున్నచో బ్రతికియుండెడివారు రెండవ లెక్క. మొదటిది న్యాయస్థానము తేల్చినది. రెండవది ఏ న్యాయస్థానమును తేల్చలేదు, తేల్చజాలదు. ఆ రెండవ లెక్కను మన మనస్సులో లేవనెత్తగలది కథ మాత్రమే.

ఇక రెండవ ఆక్షేపణ. హత్యలను 1953కు తరలించుటలో మోసము లేదు; అది నవల, చరిత్రగ్రంథమని చెప్పుకొనలేదు. స్టాలిను 1953 మార్చి 5న మరణించెను. నేరము లేని సమాజమన్న సిద్ధాంతము ఉచ్చస్థితిలో నుండి, దాని అధిపతి కూలుచున్న సంధికాలమును రచయిత ఎన్నుకొనుటచే, 1980ల నాటికి అలవాటుగా మిగిలిన మౌనము ఏ వేరునుండి పుట్టినదో తెలియుచున్నది. ఫలకాలమునుండి మూలకాలమునకు కథను జరుపుట వక్రీకరణ మగునేని, చారిత్రకనవల యనునది లోకమున ఉండరాదు.

అనుభవము లేనివాడు వ్రాయరాదనుట అంతకంటె బలహీనమైన వాదము. అనుభవించినవాడు వ్రాసినప్పుడును ఈ రూపమునే ఎన్నుకొనెనని చూపిన పిమ్మట ఆ వాదము నిలువదు. జర్మను రచయిత హాన్స్ ఫలాడా నాజీపాలన కాలమంతయు జర్మనీలోనే యుండెను. యుద్ధానంతరము అతనికి ఒక గెస్టపో దస్త్రము లభించెను. ఓటో హాంపెల్, ఎలీజ్ హాంపెల్ అను బెర్లిను శ్రామికదంపతులు, ఎలీజ్ సోదరుడు యుద్ధమున మరణించిన తరువాత, హిట్లరును ధిక్కరించు వాక్యములను పోస్టుకార్డులపై వ్రాసి మెట్లమీదను గుమ్మములలోను విడిచిపోవుచు, 1942లో పట్టుబడి, 1943 ఏప్రిల్ 8న శిరశ్ఛేదమునకు గురియైరి. దీనిని ఫలాడా 1946లో కొద్దివారములలో నవలగా వ్రాసి, అది అచ్చుగాకమునుపే కన్నుమూసెను. ఆ నవల ఆసాంతము నేరపరిశోధనయే. ఎషెరిహ్ అను పోలీసు అధికారి గోడమీద బెర్లిను పటము తగిలించి, కార్డు దొరకిన ప్రతిచోటను చిన్నజెండా గ్రుచ్చుచు, వ్రాసినవాడు ఏ వీధివాడో తేల్చుకొనుచుండును. పరిశోధకునికి కావలసిన ఓర్పు, సూక్ష్మబుద్ధి, నేర్పు అన్నియు అతనియందున్నవి; అవి యన్నియు నిజము పలికినవానిని వధ్యస్థానమునొద్దకు ఈడ్చుటకై వినియోగపడుచున్నవి. జెండాలు పెరిగినకొలది పాఠకుడు భయముతో ముడుచుకొనిపోవును. పరిశోధన ఫలింపరాదని కోరుకొనును. నేరనవల చదువరియొక్క కోరికనే తలక్రిందులు చేయగల ఈ శక్తిని, ఆ పాలనలో బ్రతికినవాడే గుర్తించి వాడుకొనగా, అది నీచరూపమని తీర్పు చెప్పుటకు మన మెవ్వరము?

‘చైల్డ్ 44’ దోషరహితమని నేననను. హంతకునకును నాయకునకును రచయిత కల్పించిన రక్తసంబంధము కథను బిగించుటకు చేసిన కల్పనగా కనబడును. అది లేకున్నను నవలకు లోటు లేదు. కాని ఒక ముడి పేలవమైనంతమాత్రమున నేత యంతయు చిరుగదు. 2008లో బుకర్ బహుమతికై పరిశీలించిన తొలిజాబితాలో ఈ నేరనవల చేరుటయు, దీని ఆధారమున తీసిన చలనచిత్రమును 2015లో చారిత్రకసత్యములను వక్రీకరించినదన్న కారణము చెప్పి రష్యాలో విడుదల కానీయకపోవుటయు స్మరణీయములు. విమర్శకులు కాలక్షేపమని త్రోసిపుచ్చుచున్నదానిలో ప్రభుత్వము తనకు తగిలెడి మాట నొకదానిని పోల్చుకొన్నది.

మూడవ ఆక్షేపణకు సమాధానము చెప్పుటకు సహం పట్టణమును విడిచి పోనక్కరలేదు. ఇచ్చట తూర్పున సముద్రము, పడమట హజర్ కొండలు. ఆ కొండలలోని పల్లెలను గూర్చి ఒమాను రచయితలు ఇటీవల వ్రాసిన గొప్ప నవలలను తెరచి చూడుడు. జోఖా అల్ హార్తీ 2010లో ప్రకటించిన ‘సయ్యిదాత్ అల్ కమర్’ ఆంగ్లానువాదమునకు 2019లో మ్యాన్ బుకర్ అంతర్జాతీయ పురస్కారము లభించినది. అందులో వర్తకుని కొడుకైన అబ్దుల్లా తన తల్లి ఎట్లు చనిపోయెనో తెలియక జీవితమంతయు బాధపడుచుండును. పెరటిలోని రుద్రజడ మొక్కను పెరికినందున ఆమెను జిన్నులు బలిగొన్నవని ఇంటిలో చెప్పుదురు. వేరొక అనుమానము గుసగుసలుగా నడచుచుండును. జహ్రాన్ అల్ కాస్మీ వ్రాసి 2023లో అంతర్జాతీయ అరబ్బీ నవలాపురస్కారమునందిన ‘తగ్రీబత్ అల్ కాఫిర్’ బావిలో తేలిన ఒక స్త్రీ శవముతోనే ఆరంభమగును. ఇవి నేరనవలలు కావు, సర్వాధికార రాజ్యమును గూర్చినవియు కావు. ఐనను బిగపట్టిన సమాజపు హృదయమును చూపదలచిన రచయిత చెప్పరాని మరణమొకదానితో మొదలిడుట ఇచ్చటను కనబడుచున్నది. ఈ దేశమున 1970 జులై 23కు పూర్వము, సుల్తాను సయీద్ బిన్ తైమూర్ పాలనలో, ప్రొద్దుగ్రుంకిన మూడుగంటలకు మస్కటు కోటతలుపులు మూసెడివారు. ఆపై లాంతరు లేక నడచుట నేరము. దేశమంతటికిని పాఠశాలలు మూడు. నిషేధములనీడలో పెరిగిన ముదుసళ్ళు సహంలో నేటికిని ఉన్నారు. మనకు పొరుగువారైన వీరి సాహిత్యము మనకు పరాయిది కాదు.

మనవారి సంగతియే చూతము. గోదావరి, కడప, కరీంనగరు సీమలనుండి గల్ఫుదేశములకు వచ్చినవాడొకడు ఆకస్మికముగ చనిపోయినచో, తరచుగా మరణపత్రము మీద సహజమరణమనియో గుండె ఆగెననియో ఒక్కమాట యుండును. పెట్టె ఊరు చేరిన దినమున భార్య మొదట అడుగునది “అసలేం జరిగింది?” అనియే. దీనిని స్టాలిను రాజ్యముతో సమానము చేయుట అన్యాయము, నేనట్లు చేయుటలేదు. మరణకారణము తెలియక మిగిలినవారి వేదన ఎట్టిదో తెలుగు ఇల్లాలికి వేరొకరు నేర్పనక్కరలేదని మాత్రమే చెప్పుచున్నాను.

మన గడ్డమీద రాజ్యమే ఆ ప్రశ్నను నిషేధించిన దినములును గలవు. ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ హైదరాబాదు సంస్థానము ఇండియన్ యూనియనులో చేరవలెనని వ్రాసినందుకు, 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడ ప్రాంతమున ఇల్లు చేరుచుండగా దుండగులు అతనిని కాల్చి, వ్రాసిన చేతిని నరికిరి. చంపించినదెవరో నగరమంతటికిని తెలియును. ఆనాటి హైదరాబాదులో బహిరంగముగ పేరు చెప్పగలవాడే అరుదు. ఎమర్జెన్సీ ప్రకటించి నెల తిరుగునప్పటికే, 1975 జులై 25న, మెదకు జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసుకాల్పులలో మరణించిరి. ఎదురుకాల్పులని ప్రకటన వెలువడెను. పట్టుకొని చెట్లకు కట్టి కాల్చిరని తార్కుండే నిజనిర్ధారణ సంఘము 1977లో తేల్చుదాక ఆ ప్రకటనను ప్రశ్నించు తావే లేకుండెను. న్యాయస్థానముండెను గదా యందురా? అక్రమముగ ప్రాణము తీసినను ఎమర్జెన్సీ యున్నంతవరకు కోర్టుకు పోవు మార్గము లేదని అటార్నీ జనరల్ నిరేన్ దే సుప్రీంకోర్టులో ఒప్పుకొనెను. 1976 ఏప్రిల్ 28న ఐదుగురు న్యాయమూర్తులలో నలుగురు ప్రభుత్వపక్షముననే తీర్పు చెప్పగా, హెచ్.ఆర్. ఖన్నా ఒక్కడే విభేదించెను. హంతకుడెవ్వడని అడుగు హక్కు మన దేశమునందును ఒకప్పుడు చట్టబద్ధముగనే రద్దయినది. ఇంకను ఇది పరాయిదేశపు కథ యనవచ్చునా?

ఈ విషయములకై చరిత్రగ్రంథములును కమిషను నివేదికలును చాలునని కొందరందురు. వాని విలువను నేను తగ్గింపను. అవి లేక నవలకును ఆధారము లేదు. కాని నివేదిక భయము తొలగిన పిమ్మట వచ్చును. జరిగినది తెలిసినవాని చూపుతో వ్రాయబడును. నవల భయము నడుమనే మనలను నిలిపి, ఏమి జరిగినదో తెలియనివానితో అడుగులు వేయించును. ఫ్యోదరు గదిలో కూర్చుండి తలవంచవలసివచ్చినచో మన మేమి చేయుదుమో చెప్పుమని చరిత్ర అడుగదు, నవల అడుగును. నేరము, ఠాణా, కోర్టు గొప్పసాహిత్యమునకు తగని సామగ్రి యనుటకు తెలుగువారికి అసలే హక్కు లేదు. విశాఖపట్టణమున న్యాయవాదవృత్తి చేసిన రావిశాస్త్రి ‘ఆరు సారా కథలు’ ఆ సామగ్రితోనే కట్టినవి.

కావున నా మనవి యిది. చదువరులారా, నిరంకుశరాజ్యమున నడచు నేరనవలను దిండుక్రింది పుస్తకముగా తీసివేయకుడు. అందు హంతకుడు దొరకెనా యని మాత్రమే గాక, ఎవ్వరు వెదకనిచ్చిరి, ఎవ్వరు వెదకనీయలేదు అని చూచుచు చదువుడు. తెలుగు రచయితలారా, రజాకార్ల హైదరాబాదును, ఎమర్జెన్సీనాటి అడవులను, మూసివేసిన దస్త్రములను నేరనవలకు వస్తువులుగా గైకొనుడు. యుగంధరును కన్న భాషకు ఆ సామర్థ్యము కొరవడలేదు. హత్యకు గురియైనవానికి మనము చేయగల కనీసన్యాయము, ఎవ్వరు చంపిరని బిగ్గరగా అడుగుట. ఆ న్యాయమునే వృత్తిగా గల సాహిత్యరూపము నీచమని ఇకనైన అనకుందుము గాక.